చిత్తూరులో చిన్న ఫైనాన్స్ ఆఫీసు: వెబ్‌సైట్‌లో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు?

కట్టమంచి_కోడలు (చిత్తూరు)

అందరికీ నమస్కారం. మా మామగారు చాలా ఏళ్లుగా ఎల్ఐసీ ఏజెంటు. నేను ఫండ్స్ అమ్మేవాళ్లకు పెట్టే ఎన్ఐఎస్ఎం ఐదు-ఏ పరీక్ష పాసై, ఏఆర్ఎన్ (డిస్ట్రిబ్యూటర్ రిజిస్ట్రేషన్ నంబరు) తీసుకుని మ్యూచువల్ ఫండ్స్ చూస్తున్నాను. మా ఆయన ఒక బ్యాంకుకు డీఎస్ఏగా, అంటే లోన్లు తెచ్చిపెట్టే ఏజెంటుగా, హోమ్ లోన్ ఫైళ్లు పెడతారు. ముగ్గురిదీ దర్గా సర్కిల్ దగ్గర ఒకటే ఆఫీసు.

వెబ్‌సైట్ పెడదామని ఒక డిజైనర్‌ని అడిగితే నలభై వేలు చెప్పాడు. పది పేజీలు, లోన్ అప్లికేషన్ ఫారం, ఆధార్, పాన్ అప్‌లోడ్, సిప్ (నెలనెలా ఫండ్‌లో కట్టే పద్ధతి) కాలిక్యులేటర్, పేమెంట్ గేట్‌వే, అన్ని కంపెనీల పాలసీలు పోల్చే టేబుల్, అన్నీ అందులోనే అన్నాడు. పేరు చివర "వెల్త్ అడ్వైజర్స్" అని పెడితే బాగుంటుందన్నాడు. మామగారేమో "మనల్ని నమ్మేవాళ్లు ఆఫీసుకే వస్తారు కదమ్మా, ఇదంతా ఎందుకు" అంటున్నారు. ఇలాంటి పనిలో ఉన్నవాళ్లు కాస్త దారి చూపించండి.

తోతాపురి_బంగారుపాళ్యం

అక్కా, నేను మామిడి వ్యాపారిని. మాకు కాయ సీజన్‌లో డబ్బు వస్తుంది, ఆ తర్వాత రాదు. మా ఏజెంటుకు వెబ్‌సైట్ లేదు. ప్రీమియం డేటు దగ్గర పడితే వాట్సాప్‌లో మెసేజ్ పెడతాడు, ఫోన్ చేస్తే ఎత్తుతాడు. నలభై వేలు పెట్టే బదులు ఫోన్ ఎత్తే మనిషిని పెట్టుకోండి. మీ మామగారి మాటే నాకు నచ్చింది.

కువైట్_పీలేరు

తోతాపురి అన్నా, నువ్వు ఆ ఏజెంటును రోజూ చూస్తావు. మాకు అలా కాదు కదా. మా అమ్మ ఫోన్ చేసి "ఒకతను ఇంటికి వచ్చి పాలసీ కట్టమంటున్నాడు, మంచివాడేనంట" అంటుంది. ఇక్కడ కువైట్‌లో కూర్చుని నేను చేయగలిగింది ఒక్కటే, ఆ పేరు గూగుల్‌లో కొట్టి చూడటం. ఏమీ కనిపించకపోతే వద్దమ్మా అని చెప్పేస్తా. అతను నిజంగా మంచివాడే అయి ఉండొచ్చు, నాకెలా తెలుస్తుంది?

చెల్లెమ్మా, నాలాంటివాడు మీ సైట్‌లో బొమ్మలు చూడడు. మీరు ఎవరు, ఏ లైసెన్సు ఉంది, దాని నంబరు ఎంత, ఆ నంబరు ఎక్కడ చెక్ చేసుకోవాలి, ఆఫీసు ఎక్కడ, ఈ ఐదే చూస్తాడు. అవి ఉంటే ఒక్క పేజీ చాలు. అవి లేని పది పేజీలు నాకు పనికిరావు.

లీలామహల్_సెంటర్ (తిరుపతి)

నేను వెబ్‌సైట్లు చేసేవాణ్ణే కాబట్టి ఆ కొటేషన్ గురించి చెబుతా. అందులో సగం మీకు అవసరం లేదు, మిగతా సగంలో కొన్ని మీ మెడకు చుట్టుకుంటాయి.

పేమెంట్ గేట్‌వే దేనికి? ఫండ్ డబ్బు ఇన్వెస్టర్ ఖాతా నుంచి నేరుగా ఫండ్‌కి పోవాలి. ఎల్ఐసీ ప్రీమియం కట్టడానికి ఎల్ఐసీ సొంత పోర్టల్ ఉంది. లోన్ కిస్తీ బ్యాంకుకే పోవాలి. మీ ఖాతాలో పడాల్సిన కస్టమర్ డబ్బు ఇందులో ఏదీ లేదు. అది లేకపోతే మీ సైట్‌ని హ్యాక్ చేసినా దొంగకు అందులో డబ్బు దొరకదు.

పాలసీలు పోల్చే టేబుల్ అసలే వద్దు. పలు కంపెనీల పాలసీలు పోల్చి చూపించే వెబ్ అగ్రిగేటర్ వ్యాపారానికి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దగ్గర ప్రత్యేకంగా రిజిస్ట్రేషన్ కావాలి. లైఫ్‌లో ఒక్క కంపెనీకే ఏజెంటుగా ఉన్న మీ మామగారి పేరు మీద అలాంటి టేబుల్ పెట్టడం ఏ రకంగానూ సరికాదు.

ఇక సైట్ సంగతి. మీకు కావాల్సింది నాలుగైదు మామూలు పేజీలు. వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్) కూడా అక్కర్లేదు. దానికి తగిలించే ప్లగిన్లు అప్‌డేట్ చేసే మనిషి లేకపోతే చిన్న సైట్లు పాడయ్యేది వాటివల్లే. ఉత్త హెచ్‌టీఎంఎల్ పేజీలు రాసి, సైట్లు ఉంచుకోనిచ్చే క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లో పెట్టుకోవచ్చు, ఈ సైజు సైట్‌కి హోస్టింగ్ ఖర్చు పడదు. తాళం గుర్తు వచ్చే ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ కూడా ఉచితమే. ఎవరైనా దానికి విడిగా బిల్లు వేస్తే ఎందుకని అడగండి. ఏటా కట్టాల్సింది డొమైన్ పేరుకే, అంటే సైట్ అడ్రస్‌కే.

ఏఆర్ఎన్_పలమనేరు

నేనూ ఫండ్ డిస్ట్రిబ్యూటర్‌నే. ఆ పేరు మాత్రం పెట్టకండి అక్కా. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం 2020 సెప్టెంబరు 30 నుంచి డిస్ట్రిబ్యూటర్లు "ఇండిపెండెంట్ ఫైనాన్షియల్ అడ్వైజర్", "ఐఎఫ్ఏ", "వెల్త్ అడ్వైజర్" లాంటి పేర్లు వాడకూడదు. సెబీ దగ్గర ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌గా రిజిస్టర్ అయినవాళ్లకే అది చెల్లుతుంది. మనం "ఆంఫీ రిజిస్టర్డ్ మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్" అని పేరు పక్కనే రాసుకోవాలి, ఆంఫీ అంటే ఫండ్ కంపెనీల సంఘం. బోర్డు మీద, విజిటింగ్ కార్డు మీద, సైట్ మీద కూడా అంతే. డొమైన్ కొన్నాక మార్చాలంటే మళ్లీ బోర్డుతో సహా అన్నీ మార్చాలి, అందుకే ముందే చెబుతున్నా.

ఏఆర్ఎన్ నంబరు, ఈయూఐఎన్ (ఫండ్స్ అమ్మే మనిషికి విడిగా ఇచ్చే నంబరు), గడువు తేదీ మూడూ పెట్టండి. ఏఆర్ఎన్ గడువు మూడేళ్లు. ఆంఫీ సైట్‌లో డిస్ట్రిబ్యూటర్ పేరో నంబరో కొట్టి చూసుకునే వీలుంది, ఆ లింకు కూడా ఇవ్వండి. కువైట్ అన్న అడిగింది అదే.

కట్టమంచి_కోడలు

చాలా ఉపయోగపడుతోంది అన్నా. డిజైనర్ చెప్పిన పేరు పక్కన పెట్టేశాం. ఇంకో సందేహం. మా ద్వారా తీసుకునే రెగ్యులర్ ప్లాన్‌లో మాకు కమిషన్ వస్తుందని, నేరుగా ఫండ్ దగ్గరే తీసుకునే డైరెక్ట్ ప్లాన్‌లో ఉండదని సైట్‌లో రాయాలా? రాస్తే ఉన్న కస్టమర్లు కూడా పోతారేమోనని మా ఆయన టెన్షన్.

ఏఆర్ఎన్_పలమనేరు

కమిషన్ ఎంతో కస్టమర్‌కి చెప్పడం మన బాధ్యతే, ఫారం నింపేటప్పుడు నేను చెబుతాను. కానీ సైట్ మొదటి పేజీలోనే డైరెక్ట్ ప్లాన్ గురించి రాయడం నాకు ఇష్టం లేదు. మా దగ్గరకు వచ్చేవాళ్లలో పాల డబ్బు దాచుకునే ఆడవాళ్లు ఎక్కువ. వాళ్లకు కేవైసీ దగ్గర్నుంచి నామినీ దాకా పక్కన కూర్చుని చేయించాలి. ఆ పనికి వచ్చేదే కమిషన్. మొదటి పేజీలో రెండు ముక్కలు చూసి "ఓహో, వీళ్లు మన డబ్బు కొట్టేస్తున్నారు" అనుకునే ప్రమాదం ఉంది.

కువైట్_పీలేరు

పలమనేరు అన్నా, ఇక్కడ మాత్రం నీతో ఒప్పుకోను. డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరి నుంచీ ఉన్నాయి. యూట్యూబ్ చూసే ప్రతి కుర్రాడికీ తెలుసు. మీరు చెప్పకపోతే వాళ్ల అన్నకొడుకో మేనల్లుడో చెబుతాడు, అప్పుడు "మరి ఈవిడ ఎందుకు దాచింది" అనే మాట వస్తుంది. నాకు ఫండ్స్ పెట్టించిన ఆయన మొదటి రోజే ఈ సంగతి చెప్పి, "ఇంత పని చేసిపెడతాను, అందుకు ఇంత వస్తుంది, వద్దనుకుంటే నేరుగా పెట్టుకోండి" అన్నాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆయన దగ్గరే ఉన్నా.

బాలాజీకాలనీ_రిటైర్డ్ (తిరుపతి)

అమ్మాయీ, నేను బ్యాంకులో మేనేజర్‌గా చేసి రిటైరయ్యాను. కమిషన్ విషయంలో కువైట్ బాబు మాటే నా మాట కూడా. రాయండి. అయితే పలమనేరు అబ్బాయి చెప్పినట్టు ఆ కమిషన్‌కు మీరు చేసే పని ఏమిటో కూడా దాని కిందే రాయండి. రెండూ పక్కపక్కన ఉంటే చదివినవాళ్లే తేల్చుకుంటారు.

నాకు అసలు భయం మీ వారి లోన్ పేజీ గురించి. లోన్ అప్లికేషన్ ఫారం, అందులో ఆధార్ అప్‌లోడ్ అన్నారు. ఆపేయండి. బ్యాంకు తరఫున ఆన్‌లైన్‌లో అప్పుల కోసం కస్టమర్లను తెచ్చేవాళ్లను రిజర్వ్ బ్యాంకు "లెండింగ్ సర్వీస్ ప్రొవైడర్" అంటుంది. 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు వచ్చాయి, 2025 మేలో వాటి స్థానంలో డిజిటల్ లెండింగ్ ఆదేశాలు వచ్చాయి. వాటి ప్రకారం అప్పు సొమ్ము, కిస్తీలు బ్యాంకుకూ అప్పు తీసుకున్నవాళ్లకూ మధ్య నేరుగా నడవాలి, మధ్యవాళ్ల ఖాతా ఉండకూడదు. మధ్యవాళ్ల ఫీజు బ్యాంకే ఇవ్వాలి, అప్పు తీసుకునేవాళ్ల దగ్గర వసూలు చేయకూడదు. మీ వారి డీఎస్ఏ ఒప్పందం తీసి చదవమనండి. వెబ్‌సైట్‌లో బ్యాంకు పేరు, లోగో వాడుకోవచ్చా, ఆన్‌లైన్‌లో అప్లికేషన్లు తీసుకోవచ్చా అన్నది బ్యాంకును అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి. అది వచ్చేదాకా లోన్ పేజీలో "ఫలానా బ్యాంకు డీఎస్ఏ" అని కూడా వేయకండి. "హోమ్ లోన్ కాగితాల వివరాలకు ఆఫీసులో కలవండి" అంటే సరిపోతుంది.

"గ్యారంటీగా లోన్", "సిబిల్ లేకపోయినా లోన్" లాంటి మాటలు రాయనే వద్దు. అప్పు ఇవ్వాలా వద్దా అని నిర్ణయించేది బ్యాంకు.

ఇంకో మాట. పేరులో ఎక్కడా "బ్యాంక్", "బ్యాంకింగ్" రాకూడదు. 1949 బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం ఏడో సెక్షన్ ఒప్పుకోదు.

కొర్లగుంట_వాసి (తిరుపతి)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా బావ తెలిసినవాళ్లతో చీటీలు వేస్తాడు. ఆయనా ఒక వెబ్‌సైట్ పెట్టి కొత్త సభ్యులను చేర్చుకుందామంటున్నాడు. రిజిస్ట్రేషన్ లేదు. పెట్టొచ్చా?

బాలాజీకాలనీ_రిటైర్డ్ (తిరుపతి)

పెట్టకూడదు బాబూ. చిట్ ఫండ్స్ చట్టం 1982 ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా చీటీ మొదలుపెట్టకూడదు, చేరమని కరపత్రం గానీ ప్రకటన గానీ ఇవ్వకూడదు. ఇంటర్నెట్‌లో పెడితే తన మీద తనే సాక్ష్యం రాసిచ్చినట్టు. మీ బావను ముందు చిట్స్ రిజిస్ట్రార్ దగ్గరకు వెళ్లి మాట్లాడమనండి. 2021 సవరణతో ఫోర్‌మన్ (చీటీ నడిపే మనిషి) కమిషన్ పరిమితి 5 నుంచి 7 శాతానికి పెరిగింది, చట్టబద్ధంగా చేసినా ఆయనకు గిట్టుతుంది.

కొర్లగుంట_వాసి (తిరుపతి)

అర్థమైంది సార్. ఈ మెసేజ్ ఆయనకే చూపిస్తా.

లీలామహల్_సెంటర్ (తిరుపతి)

డొమైన్ గురించి ఒక మాట. దయచేసి మీ సొంత మెయిల్ ఐడీతో, మీ సొంత కార్డుతో మీరే కొనండి. నా దగ్గరకు వచ్చే చిన్న వ్యాపారుల్లో చాలామంది బాధ ఇదే. డిజైనర్ తన పేరు మీద కొని ఉంటాడు. రెండేళ్లకు ఫోన్ ఎత్తడు, పేరు రెన్యువల్ కాదు, ఇంకెవరో కొనేసుకుంటారు. మీ పాత పేరు మీద వేరేవాళ్లు లోన్ యాప్ సైటో ఇంకేదో పెడితే కస్టమర్ వచ్చి అడిగేది మిమ్మల్నే. డొమైన్ అమ్మిన కంపెనీ సైట్ లాగిన్, ట్రాన్స్‌ఫర్ కోడ్ మీ చేతిలో ఉండాలి. డిజైనర్‌కి పని చేసుకునేంత వరకే యాక్సెస్ ఇవ్వండి.

డాట్ ఇన్ తీసుకోండి చాలు. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కి మారాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. అది బ్యాంకులకే. అలాంటి అడ్రస్ ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

మన తిరుపతి జనానికి నకిలీ వెబ్‌సైట్ల సంగతి కొత్త కాదు. దర్శనం టికెట్లు, గదుల పేరుతో దొంగ సైట్లు పెడుతున్నారని టీటీడీ ఎన్నిసార్లు హెచ్చరించిందో చూశాం. కాబట్టి మీ అడ్రస్ చిన్నదిగా, ఫోన్‌లో చెబితే తప్పు లేకుండా టైప్ చేసేలా ఉండాలి. మధ్యలో గీతలు, అంకెలు వద్దు.

తిరుచానూరు_రోడ్డు

నాదొక చిన్న ప్రశ్న. మొదటి పేజీ పైన శ్రీవారి బొమ్మ పెట్టుకోవచ్చా? మా ఆఫీసులో ఆ పటం లేకుండా తలుపు తీయం.

బాలాజీకాలనీ_రిటైర్డ్ (తిరుపతి)

ఆఫీసులో పటానికి రోజూ దండం పెట్టుకోండి, నేనూ పెట్టుకుంటాను. వెబ్‌సైట్‌లో "మీ డబ్బు మా దగ్గర పెట్టండి" అన్న మాట పైన స్వామి బొమ్మ వద్దు. ఆ బొమ్మ చూసి నమ్మేవాళ్లు లైసెన్సు నంబరు చూడరు. దేవుడి పేరు చెప్పి డబ్బు అడిగినవాళ్ల దగ్గర ఈ ఊళ్లో చాలామంది పోగొట్టుకున్నారు. ఆ కోవలో మనం కనిపించకూడదు.

తిరుచానూరు_రోడ్డు

నా ఉద్దేశం భక్తే సార్. కానీ మీరన్న కోణంలో ఆలోచించలేదు. ఆఫీసులోనే ఉంచుతాం.

కట్టమంచి_కోడలు

తెలుగులో పెట్టడం గురించి ఎవరూ చెప్పలేదు. మామగారి పాత కరపత్రాలు చర్చి వీధిలో డీటీపీ చేయించినవి ఉన్నాయి, మంచి మేటర్. ఆ ఫైల్ నుంచి కాపీ చేస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తున్నాయి.

లీలామహల్_సెంటర్ (తిరుపతి)

అది అను ఫాంట్‌లో కొట్టింది అయ్యుంటుంది. పేజ్‌మేకర్ (పాత డీటీపీ సాఫ్ట్‌వేర్) కాలం నాటి ఆ ఫైళ్లు యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా తెలుగు కనిపించే పద్ధతి) కాదు. ఫాంట్ తీసేస్తే అడుగున ఉండేవి వేరే గుర్తులే. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒక్కో లైను చదవండి, ముఖ్యంగా వత్తులు, అంకెలు తారుమారవుతాయి. ప్రీమియం అంకె ఒకటి తప్పు పడినా ఇబ్బందే. కొంతమంది ఆ కరపత్రాన్ని ఫొటో తీసి సైట్‌లో పెట్టేస్తారు, అలా చేయకండి. ఫొటోలో ఉన్న తెలుగుతో ఎవరైనా వెతికితే మీ పేజీ దొరుకుతుందన్న నమ్మకం లేదు, కళ్లు కనిపించనివాళ్ల ఫోన్ దాన్ని చదవనూ లేదు.

ఫాంట్ మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ వాడండి, రెండూ ఉచితం. లైన్ల మధ్య ఖాళీ ఇంగ్లిష్‌కి పెట్టినంత పెడితే మనకు చాలదు. "క్ష్మి", "స్త్రీ", "ర్థ్యం" లాంటివి వచ్చినచోట పై లైను వత్తు కింది లైను గుడికి తగులుతుంది. ఫాంట్ సైజుకు 1.7 రెట్లు ఉంచండి. అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగు తెలుగుకు ముట్టుకోవద్దు, గుణింతాలు విడిపోతాయి. చవక ఫోన్‌లో తెరిచి చూశాకే సరే అనండి.

మన జనం ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టి వెతుకుతారు. అందుకే పేజీ అడ్రస్ ఇంగ్లిష్‌లో, శీర్షిక రెండింటిలో, లోపల మేటర్ తెలుగులో పెట్టండి.

కువైట్_పీలేరు

కరపత్రం కన్నా పనికొచ్చేది ఒకటి చెబుతా. మా పెదనాన్న పోయినప్పుడు పెద్దమ్మకు ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో చెప్పేవాళ్లు దొరకలేదు. అలాంటి పేజీ ఒకటి పెట్టండి. పాలసీదారు పోతే ఇంట్లోవాళ్లు ఏం చేయాలి, మామూలు తెలుగులో.

కట్టమంచి_కోడలు

ఇది వినగానే మామగారు లేచి కూర్చున్నారు అన్నా! ఇప్పటిదాకా వద్దన్న మనిషి, తనే చెబుతూ నాతో రాయించారు. ఒరిజినల్ బాండు, మరణ ధ్రువపత్రం, క్లెయిమ్ ఫారం 3783, నామినీ గుర్తింపు కార్డు, డబ్బు పడాల్సిన ఖాతా వివరాలతో నెఫ్ట్ ఫారం. బాండు పోతే ఏం చేయాలి, నామినీ కూడా పోయి ఉంటే ఏం చేయాలి, పాలసీ తీసుకున్న మూడేళ్లలోపు చనిపోతే అదనంగా ఏ కాగితాలు అడుగుతారు, అన్నీ ఆయనకు నోటికి వచ్చు. క్లెయిమ్‌కి ఎవరికీ డబ్బులు ఇవ్వక్కర్లేదన్న లైను మొదట పెట్టమన్నారు.

ఏఆర్ఎన్_పలమనేరు

చాలా బాగుంది అక్కా. ఒక్కటే, ఏజెంటు ఇచ్చే ప్రకటనలకు బీమా కంపెనీ ముందస్తు ఆమోదం ఉండాలి. ఆ పేజీలన్నీ ప్రింటు తీసి మామగారి బ్రాంచిలో చూపించి ఆమోదం తీసుకోండి. ఎల్ఐసీ లోగో వాళ్లు ఒప్పుకుంటేనే.

ఫండ్స్ వైపు కూడా అలాంటి పేజీలే పెట్టండి. కేవైసీ "ఆన్ హోల్డ్" అని వస్తే ఏం చేయాలి, నామినీ ఎలా చేర్చాలి, యూనిట్లు వారసుల పేరుకు ఎలా మారతాయి. "ఈ ఫండ్ ఇంత ఇచ్చింది" అన్న పేజీ వద్దు. సిప్ కాలిక్యులేటర్ పెట్టాలనిపిస్తే రాబడి గడిలో ముందే 12, 15 అని నింపి పెట్టకండి. ఆ అంకె కనపడితే జనం అది వస్తుందనే అనుకుంటారు. నేనైతే తీసేశాను. మార్కెట్ రిస్కు హెచ్చరిక మాత్రం కనిపించే సైజులో ఉండాలి, అడుగున చీమల్లా కాదు.

తోతాపురి_బంగారుపాళ్యం

క్లెయిమ్ పేజీ పెడితే నేను మా మండీలో అందరికీ ఫార్వర్డ్ చేస్తా. ఇలాంటి వెబ్‌సైట్ అయితే కావాల్సిందే.

లీలామహల్_సెంటర్ (తిరుపతి)

సంప్రదించే ఫారం ఉంచుకుంటే పేరు, ఫోన్ నంబరు, ఎప్పుడు ఫోన్ చేయాలి, ఈ మూడు గడులే. ఆధార్, పాన్, జీతం స్లిప్పు ఏదీ అడగొద్దు. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తాయి. ఆ డేటా దేనికి తీసుకుంటున్నారో తెలుగులో ఒక లైను రాసి, ఒప్పుకున్నట్టు టిక్ వాళ్లే పెట్టేలా ఉంచండి. తీసేయమంటే తీసేయాలి. ఎవరైనా వాట్సాప్‌లో ఆధార్ పంపితే పని అయ్యాక ఫోన్ గ్యాలరీలోంచి కూడా తీసేయండి, అందరూ మర్చిపోయేది అక్కడే.

గూగుల్ మ్యాప్స్‌లో ఆఫీసు పెట్టుకోవడం ఉచితం, ఈ రోజే చేసేయండి. రివ్యూ రాస్తే గిఫ్ట్ అనకండి, గూగుల్ ఒప్పుకోదు. యాడ్స్ ఇవ్వాలనుకుంటే ఫైనాన్స్ ప్రకటనలకు గూగుల్ విడిగా వెరిఫికేషన్ అడుగుతుంది, అది తర్వాత చూసుకోవచ్చు.

కట్టమంచి_కోడలు

మొదటి పేజీకి ఇలా రాశాం. చూసి చెప్పండి.

"చిత్తూరు దర్గా సర్కిల్ దగ్గర మా ఆఫీసు. జీవిత బీమా, మ్యూచువల్ ఫండ్స్, హోమ్ లోన్ పనులు మేం ముగ్గురం చూస్తాం. మా లైసెన్సు నంబర్లు కింద ఉన్నాయి, నమ్మే ముందు సరిచూసుకోండి. మా పేరు మీద డబ్బు వేయమని మేం ఎప్పుడూ అడగం. ఫండ్స్‌లో మాకు ఫండ్ కంపెనీ నుంచి కమిషన్ వస్తుంది. కమిషన్ లేని డైరెక్ట్ ప్లాన్ మీరు సొంతంగా తీసుకోవచ్చు. మా ద్వారా తీసుకుంటే కేవైసీ, నామినీ, బ్యాంకు మార్పు, డబ్బు వెనక్కి తీసుకోవడం, వారసులకు బదిలీ దాకా మేం దగ్గరుండి చేయిస్తాం."

బాలాజీకాలనీ_రిటైర్డ్ (తిరుపతి)

బాగా రాశావమ్మా. "మేం ముగ్గురం చూస్తాం" అన్న వాక్యం ఒక్కటే మార్చు. ఏఆర్ఎన్ నీది, ఎల్ఐసీ ఏజెన్సీ మామగారిది, డీఎస్ఏ మీ వారిది. ఎవరి పేరు కింద వాళ్ల పని, వాళ్ల నంబరు విడివిడిగా రాయి. ఫండ్స్ గురించి అడగడానికి వచ్చినవాళ్లతో నువ్వే మాట్లాడాలి. మామగారు కూడా ఫండ్స్ చెప్పాలంటే ఆయనా ఎన్ఐఎస్ఎం పాసై సొంత ఈయూఐఎన్ తీసుకోవాలి.

కట్టమంచి_కోడలు

మార్చేశాను సార్, మూడు పేర్లు మూడు గడుల్లో పెట్టాం. డొమైన్ నా మెయిల్‌తో నేనే కొన్నాను. సోమవారం మామగారు ప్రింట్లు తీసుకుని బ్రాంచికి వెళ్తున్నారు, ఆమోదం వచ్చాకే సైట్ తెరుస్తాం. లోన్ పేజీకి బ్యాంకు నుంచి జవాబు వచ్చేదాకా ఆగుతాం.

లీలామహల్_సెంటర్ (తిరుపతి)

డొమైన్‌కి ఆటో రెన్యువల్ పెట్టండి. కార్డు గడువు ఎప్పుడు తీరుతుందో, ఏఆర్ఎన్ గడువు ఎప్పుడో రెండూ ఫోన్ క్యాలెండర్‌లో వేసుకోండి. క్లెయిమ్ పేజీ అడ్రస్ తయారయ్యాక ఇక్కడ పెట్టండి, తోతాపురి అన్న అడుగుతున్నాడు.